నాలుగు మూరల దూరంలో స్పినోజా

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టాప్ వాటర్‌లూప్లైన్. మెట్లెక్కి పైకి రాగానే పాత సామాన్ల సంత. వాడేసిన జీన్స్ జాకెట్లు, తుప్పు పట్టిన సైకిల్ బెల్లులు, ఎవరి తాతదో కెమెరా, అన్నీ గుట్టలు పోసి అమ్ముతుంటారు. ఆ సంత దాటి కాలువ గట్టుకి వస్తే కంచు మనిషి ఒకాయన నిలబడి ఉంటాడు. పొడుగు జుట్టు, ఒంటి నిండా కప్పుకున్న పెద్ద అంగీ. దగ్గరికెళ్లి చూడండి, ఆ అంగీ నిండా పిట్టలే. కొన్ని పిచ్చుకలు, కొన్ని రామచిలకలు.

అవును, మన జామచెట్టు మీద వాలే రామచిలకలే. ఎప్పుడో పంజరాల్లోంచి తప్పించుకున్న చిలకలు ఈ చలి ఊళ్లో గుంపులు గుంపులుగా పెరిగిపోయాయి. పార్కుల్లో చెట్ల మీద వాటి గోలే గోల. బయటి నుంచి వచ్చి ఇక్కడివే అయిపోయాయన్న గుర్తుగా శిల్పి వాటిని అంగీ మీద చెక్కాడు. ఆ అంగీ వేసుకున్నాయన కూడా వలస వచ్చినవాళ్ల పిల్లాడే. పేరు స్పినోజా. నికోలాస్ డింగ్స్ అనే శిల్పి చేసిన ఈ విగ్రహాన్ని 2008లో పెట్టారు. పక్కనే ఇరవై ముఖాల రాయి ఒకటి, సాన పట్టిన వజ్రంలా మెరుస్తూ ఉంటుంది. సెల్ఫీలు ఎక్కువగా దానితోనే.

ఫిలాసఫీ అనగానే స్క్రోల్ చేసి వెళ్లిపోకండి. ఈయన కథలో కోర్టు కేసుంది, కత్తి దాడుంది, దొంగ అడ్రసుతో అచ్చయిన పుస్తకముంది. అన్నిటికన్నా ముందు మన ఊళ్లల్లో అందరికీ తెలిసిన ఒక మాటుంది. వెలి.

ముగ్గురు పేర్లు, ఒకే మనిషి

నాతోపాటు మా అక్క వచ్చింది. సొంతక్క కాదు, పెదనాన్న కూతురు. ఊరికి దక్షిణంగా ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటుంది. అక్కడ మనవాళ్లు ఎంతమందంటే, ఆదివారం పార్కుకెళితే తెలుగు వినిపించకుండా ఒక రౌండ్ వేయలేం. అక్క ఆరేళ్ల కింద తనకి నచ్చిన అబ్బాయిని పెళ్లి చేసుకుంది. వేరే కులం. పెళ్లయిన రాత్రే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేశారు. తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు ఎత్తడం మానేశారు. నేను మాత్రం మాట్లాడుతుంటాను. ఈ ట్రిప్‌లో దిగింది కూడా వాళ్లింట్లోనే.

"ఎవర్రా ఈయన? పేరు కాఫీ షాపులా ఉంది," అంది అక్క.

1632 నవంబరు 24న ఇక్కడికి కూతవేటు దూరంలో పుట్టాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ చోట మోజెస్ అండ్ ఆరన్ చర్చి ఉంది. ఇంటి ముందు పారిన కాలువను కూడా 1882లో పూడ్చేశారు. మనం సంత అనుకుంటూ నడిచిన నేల ఆ కాలువే. ఇంట్లో పోర్చుగీసు మాట్లాడేవాళ్లు, ఇంట్లో పేరు బెంతో. ప్రార్థనామందిరంలో హీబ్రూ పేరు బారూక్. తర్వాత లాటిన్ పుస్తకాల్లో బెనెడిక్టస్. మూడింటికీ అర్థం ఒకటే, దీవెన పొందినవాడని. మన దగ్గరైతే ఆశీర్వాదం అని పిలిచేవాళ్లు.

తండ్రి ఎండుపళ్లు, ఆలివ్ నూనె వ్యాపారి. ఆరేళ్ల వయసులో తల్లి పోయింది. ఇరవై ఒకటికే తండ్రీ పోయాడు. అప్పులతో సహా దుకాణం తమ్ముడికీ ఈయనకీ మిగిలింది. ఆ రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రపంచంలోకెల్లా డబ్బున్న రేవుల్లో ఒకటి. ఈ ఊరి కంపెనీ వాళ్లకి మన మచిలీపట్నంలో వర్తకశాల ఉండేది. మన తీరంలో అద్దిన బట్టలు ఓడలెక్కి ఇక్కడి గిడ్డంగుల్లో దిగేవి. అలాంటి ఊళ్లో తెలివైన కుర్రాడికి వ్యాపారం చేసుకుంటూ బతికేయడం పెద్ద కష్టమేం కాదు. ఈయన కుదురుగా ఉండలేకపోయాడు. ప్రశ్నలు అడిగాడు.

1656 జూలై 27

విగ్రహం దగ్గర్నుంచి ఐదు నిమిషాలు నడిస్తే పోర్చుగీసు యూదుల ప్రార్థనామందిరం, పెద్ద ఇటుక కట్టడం. లోపలి హాల్లో కరెంటు దీపాల్లేవు. ఇప్పటికీ సాయంత్రం ప్రార్థనలకి కొవ్వొత్తులే, దాదాపు వెయ్యి. నేలమీద సన్నటి ఇసుక చల్లి ఉంటుంది, అడుగుల చప్పుడు వినపడదు. ఇది 1675లో కట్టింది. స్పినోజాని వెలివేసింది దీంట్లో కాదు, అంతకుముందు కాలువ ఒడ్డునున్న పాత మందిరంలో. కానీ మనుషులు వాళ్లే, ఆ పెద్దల పిల్లలే.

ఆ ఉత్తర్వు నకలు నగరం పత్రాల్లో ఇప్పటికీ ఉంది. అప్పటికి ఆయన వయసు 23. ఒక్క పుస్తకం కూడా అచ్చు కాలేదు. తప్పేంటో ఉత్తర్వులో వివరంగా రాయలేదు, ఘోరమైన మాటలు, ఘోరమైన పనులు అని మాత్రమే ఉంది. శిక్ష మాత్రం చాలా వివరంగా ఉంది. పగలూ రాత్రీ, పడుకున్నా లేచినా శాపం తగలాలని ఉంది. ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, సాయం చేయకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, రాసింది చదవకూడదు. నాలుగు మూరల దూరం లోపలికి వెళ్లకూడదు.

ఫోన్లో ఇవన్నీ చదివి వినిపిస్తుంటే అక్క చేయి చాపి గాల్లో మూరలు కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఇంతేనా? మా నాన్న నాకు ఏడువేల కిలోమీటర్లు ఇచ్చాడు," అంది.

నవ్వాలో వద్దో తెలియక ఇసుక వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ పెద్దల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. వాళ్లు రాక్షసులేం కాదు. పోర్చుగల్, స్పెయిన్‌లలో మత విచారణల నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు. తరాల తరబడి పైకి క్రైస్తవులుగా, లోపల యూదులుగా బతికినవాళ్లు. ఈ ఊరు రానిచ్చింది కానీ, ఇక్కడ కూడా వాళ్లు అతిథులే. ఒక కుర్రాడు దేవుడి గురించి, ఆత్మ గురించి, ధర్మశాస్త్రం గురించి అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నాడని బయట తెలిస్తే ఇంటివాళ్లు ఏమనుకుంటారో అని భయం. నలుగురి భయమే నాలుగు మూరలైంది. మన ఇళ్లల్లో అమ్మాయిల పెళ్లిళ్లు ఎక్కువగా ఆగేది కూడా కోపంతో కాదు, ఈ నలుగురి భయంతోనే.

స్పినోజా క్షమాపణ చెప్పలేదు. వేరే మతంలోకీ మారలేదు. ఆ రోజుల్లో ఇది ఎంత వింతో చెప్పలేం. ఒక గుంపులోంచి బయటికొస్తే ఇంకో గుంపులో చేరాల్సిందే అనుకునే కాలం. ఈయన ఏ గుంపూ లేకుండా మిగతా ఇరవై ఏళ్లూ బతికాడు. 2015లో ఇదే ఊళ్లో పండితులు సమావేశమై ఆ వెలిని ఎత్తేయొచ్చా అని వాదించుకున్నారు. ఎత్తేయలేదు.

రైన్స్‌బర్గ్‌లో చిన్న ఇల్లు

రెండో రోజు లైడెన్‌కి రైలు. ముప్పావుగంట కూడా పట్టదు. అక్కణ్నుంచి బస్సులో రైన్స్‌బర్గ్. పూల వేలం జరిగే ఊరు, దారంతా గ్రీన్‌హౌస్ అద్దాలు మెరుస్తుంటాయి. ఆ ఊళ్లో వీధి చివర ఎర్ర పెంకుల చిన్న ఇల్లు. 1661 నుంచి 1663 దాకా స్పినోజా ఇక్కడ అద్దెకున్నాడు. ఇప్పుడు మ్యూజియం. తెరిచే వేళలు తక్కువ, చూసుకుని బయల్దేరండి.

వెలి పడ్డాక వ్యాపారం పోయింది. కడుపుకోసం అద్దాలు సాన పట్టడం నేర్చుకున్నాడు. గాజు బిళ్లని వంపుగా ఉన్న ఇనుప గిన్నె మీద పెట్టి, ముందు గరుకు పొడితో, తర్వాత మెత్తటి పొడితో గంటల తరబడి అరగదీయాలి. వేలి ఒత్తిడి కాస్త అటూ ఇటూ అయితే ఆ కటకం పనికిరాదు. శనిగ్రహం వలయాల గుట్టు చెప్పిన హైగెన్స్ అంతటివాడు ఈయన కటకాల్ని మెచ్చుకున్నాడు.

ఒక గది అల్మారాల నిండా పాత తోలు అట్టల పుస్తకాలు. ఆయన చనిపోయినప్పుడు తీసిన జాబితాలో సుమారు 160 పుస్తకాలున్నాయి. ఆ జాబితా పట్టుకుని అవే పాత ప్రతులు వెతికి కొని పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు వాటిని ఎత్తుకెళ్లారు. యుద్ధమయ్యాక తిరిగొచ్చాయి. సందర్శకుల పుస్తకంలో 1920 నాటి ఒక సంతకం ఉంది, ఐన్‌స్టీన్‌ది. మీరు దేవుణ్ని నమ్ముతారా అని 1929లో ఒక రబ్బీ టెలిగ్రాం ఇచ్చి అడిగితే, స్పినోజా చెప్పిన దేవుణ్ని నమ్ముతానని ఆయన జవాబిచ్చాడు.

ఆ దేవుడెవరు? మనకి వీలైనంత సులువుగా చెప్తాను. పైన కూర్చుని మన పరీక్షల మార్కులు, పెళ్లి సంబంధాలు చూసుకునే దేవుడు లేడు. ఉన్నదంతా ఒక్కటే. దాన్ని దేవుడనండి, ప్రకృతి అనండి. చెట్టు, పిట్ట, మనం, మన ఆలోచన అన్నీ ఆ ఒక్కదాని రూపాలే. అది తన నియమాల్ని తప్పి ఎవరికోసమూ మహిమలు చేయదు.

"ఇది అద్వైతం కదరా!" అంది అక్క. పెదనాన్న తెలుగు మాస్టారు, చిన్నప్పుడు ఇలాంటివి విని పెరిగింది. పోలిక ఉంది, కాదనను. అయితే శంకరుల అద్వైతంలో కనిపించే ఈ జగత్తు చివరికి సత్యం కాదు. స్పినోజాకి కనిపించేదంతా నిజమే. జ్వరం నిజం, కోపం నిజం, వాటికి కారణాలున్నాయి. ఆ కారణాలు తెలుసుకోవడమే మనిషి చేయగల పని.

నాకు బాగా తగిలింది ఆయన చెప్పిన రాయి పోలిక. ఎవరో విసిరిన రాయికి దారిలో తెలివి వస్తే, నా ఇష్టంతోనే ఎగురుతున్నాను అనుకుంటుందట. రాత్రి రెండింటికి రీల్స్ చూస్తూ "నాకు చూడాలనిపించింది కాబట్టి చూస్తున్నా" అనుకునే మనం ఆ రాళ్లమే. నన్ను విసిరిందెవరు, ఈ కోపం ఎక్కడిది, ఈ భయం ఎవరిది అని అడిగి తెలుసుకున్న మేరకే మనకి స్వేచ్ఛ. తిట్టుకోవడం, ఏడవడం, ఎగతాళి చేయడం కన్నా ముందు అర్థం చేసుకోవాలి అంటాడు. వెలి పడ్డ మనిషి ఈ మాట చెప్పడం చిన్న విషయం కాదు.

జనం భాషలో రాస్తే

ఆయన పేరుతో బతికుండగా వచ్చిన పుస్తకం ఒక్కటే, 1663లో, డెకార్ట్ తత్వం మీద. 1670లో వచ్చిన అసలు బాంబుకి రచయిత పేరే లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన పుస్తకం మీద హాంబర్గ్ అని దొంగ ఊరి పేరు వేశారు. బైబిల్ కూడా మనుషులు వేర్వేరు కాలాల్లో రాసిన గ్రంథమే, దాన్ని అలాగే చదవాలి అని అందులో వాదించాడు. పౌరులకి ఆలోచించే, అనుకున్నది చెప్పే స్వేచ్ఛ ఇస్తే రాజ్యం కూలిపోదు, ఇవ్వకపోతేనే కూలుతుంది అని కూడా. 1674లో నిషేధించారు.

అది రాసింది లాటిన్‌లో. 1671లో ఎవరో డచ్చిలోకి అనువదిస్తున్నారని తెలిసి, ఎలాగైనా ఆపమని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తన పుస్తకం నలుగురూ చదవకూడదని ఎవరైనా కోరుకుంటారా? కారణం ఏడ్రియన్ కూర్‌బాగ్. స్పినోజా స్నేహితుల్లో ఒకడు, ఇవే ఆలోచనల్ని జనం మాట్లాడే డచ్చిలో రాశాడు. 1668లో పట్టుకున్నారు. పదేళ్ల జైలు, ఆపైన పదేళ్ల బహిష్కారం, వేల గిల్డర్ల జరిమానా. 1669లో నిర్బంధంలోనే చనిపోయాడు.

పండితులు తమలో తాము ఏం మాట్లాడుకున్నా ప్రభుత్వాలు ఓర్చుకుంటాయి. అదే మాట కూరగాయలమ్మే మనిషికి అర్థమయ్యేలా చెబితే జైలు. ఇది 17వ శతాబ్దంతో పోయిందని నేననుకోవడం లేదు.

ది హేగ్‌లో ఆఖరి గది

లైడెన్ నుంచి ది హేగ్ పావుగంట. అక్కడి చైనాటౌన్ పక్క వీధి పవిల్యున్స్‌ఖ్రాఖ్ట్. ఒకప్పుడు కాలువ, ఇప్పుడు రోడ్డు. ఒక పెయింటర్ ఇంట్లో గది తీసుకుని ఆఖరి ఐదారేళ్లు ఇక్కడే గడిపాడు. ఇంటి ముందు 1880లో పెట్టిన విగ్రహం, కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

ఖర్చు చాలా తక్కువ. స్నేహితుడి కుటుంబం ఏడాదికి 500 గిల్డర్లు ఇస్తామంటే 300 చాలన్నాడు. తండ్రి ఆస్తి కోసం సోదరితో కోర్టుకెక్కి గెలిచి, తీరా అంతా ఆమెకే వదిలేసి ఒక్క మంచం మాత్రం తెచ్చుకున్నాడని పాత జీవిత చరిత్ర చెబుతుంది. ఒకడు కత్తితో పొడవబోతే చిరిగిన కోటుని కుట్టించకుండా దాచుకున్నాడని ఇంకో కథ. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఉద్యోగం ఇస్తామంది, రాజ్యం ఒప్పుకున్న మతాన్ని కదపకపోతే చాలంది. కదపడం అంటే ఎంతవరకో తెలియనప్పుడు ఎలా ఒప్పుకోను అని మర్యాదగా వద్దన్నాడు.

ఎప్పుడూ చల్లగా ఉండే ఆ మనిషికి ఒకసారి కోపం వచ్చింది. 1672 ఆగస్టు 20న ఇదే ఊళ్లో దేశాన్ని నడిపిన యోహాన్ డి విట్‌నీ ఆయన అన్ననీ గుంపు ఒకటి జైలు దగ్గర చంపి, శవాల్ని ముక్కలు చేసింది. మీరు అనాగరికుల్లోకెల్లా అనాగరికులు అని రాసి ఆ చోటే అంటిస్తానని స్పినోజా బయల్దేరాడు. ఇంటాయన తలుపు గడియపెట్టి ఆపాడు. లేకపోతే మూడో శవం ఈయనదే.

ఆ ఇంటావిడ ఒకసారి, నా మతంతో నేను తరిస్తానా అని అడిగిందట. మీ మతం మంచిదే, నెమ్మదిగా, భక్తిగా బతికితే చాలు అన్నాడట. తన మాటలతో ఆవిడ నిద్ర చెడగొట్టలేదు.

1677 ఫిబ్రవరి 21న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. వయసు 44. గాజు పొడి కూడా కారణమని చాలామంది అంటారు. బల్ల సొరుగులో ఉన్న రాతలు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రచురణకర్తకి చేరాయి, ఆ ఏడాదే ఎథిక్స్ అచ్చయింది. అట్ట మీద పొడి అక్షరాలే, పూర్తి పేరు లేదు. మరుసటి ఏడాది అదీ నిషేధం. ఎథిక్స్ రాతప్రతి ఒకటి 2010లో ఎక్కడ దొరికిందో తెలుసా? వాటికన్ గ్రంథాలయంలో. ఆయన్ని నిషేధించిన దేశమే తర్వాత వెయ్యి గిల్డర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. అక్కడి పెద్ద సైన్స్ అవార్డు పేరు కూడా స్పినోజా బహుమతే.

ఇక్కడ అక్క ఫోన్లో ఏదో చదివి మొహం చిట్లించింది. చివర్లో రాసి పూర్తి చేయని రాజకీయ గ్రంథంలో, ఆడవాళ్లకి పాలనలో చోటు అక్కర్లేదని స్పినోజా రాశాడు.

"అందరికీ కారణాలు వెతికినాయన మా దగ్గరికొచ్చేసరికి వెతకలేదన్నమాట," అంది. నిజమే. ఆయన చేతికిచ్చిన కొలబద్దతోనే ఆయన్నీ కొలవాలి.

రాయి మీద ఒక్క మాట

స్పై వీధిలో నీవె కెర్క్ అనే చర్చి ఉంది. ఇప్పుడు అందులో కచేరీలు జరుగుతుంటాయి. స్పినోజాని పూడ్చింది దీంట్లోనే, అద్దె సమాధిలో. తర్వాత ఎముకలు తీసి ఆవరణ మట్టిలో కలిపేశారు. వెనకాల గడ్డిలో స్మారక రాయి ఉంది. 1956లో అక్కడ హీబ్రూలో ఒక్క మాట చెక్కించారు. అమ్‌ఖా. నీ జనం అని అర్థం. ఉత్తర్వు రద్దు కాలేదు. కానీ ఆయన జనంలో కొందరు మూడొందల ఏళ్లకి నాలుగు మూరలు దాటి వచ్చి, నువ్వు మావాడివే అని రాసి వెళ్లారు.

అక్క అర్థం అడిగింది, చెప్పాను. కాసేపు గడ్డి మీద కూర్చుంది. "మూడొందల ఏళ్లు ఆగే ఓపిక నాకు లేదురా," అంది. తర్వాత లేచి, ఆకలేస్తోంది పద అంది.

పెదనాన్న ఈ పత్రిక ఒక్క వారం కూడా వదలరు. ఇప్పుడు ఫోన్లోనే, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతారు. పెదనాన్నా, అక్క బాగుంది. బావ మంచివాడు. పాపకి మూడేళ్లు, రామచిలకల్ని చూసి తెలుగులోనే కేకలేస్తుంది. అక్క నంబర్ మారలేదు.